స్విచ్ 2 కొనాలా? ముందు నీ పాత స్విచ్‌కు ఏమైందో చూద్దాం

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. నాకు అర్థమైనట్టు మళ్ళీ చెబుతాను, తప్పుంటే దిద్దు. నీది తాడిపత్రి, ఉద్యోగం బెంగళూరులో. 2018లో కొన్న నింటెండో స్విచ్ ఉంది, చేతిలో పట్టుకునీ, టీవీకి పెట్టీ ఆడుకునే గేమ్ కన్సోల్. శుక్రవారం రాత్రి బస్సెక్కితే ఊరు చేరేదాకా నీకు అదే తోడు. ఇంట్లో ఉన్న రెండు రోజులూ మీ చెల్లెలు దాన్ని టీవీకి తగిలించి మారియో కార్ట్ ఆడుతుంది. ఇప్పుడు చార్జింగ్ గంటంబావు కూడా నిలవడం లేదు. ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటది నడిచిపోతోంది. ఫ్యాన్ హోరుమంటోంది. జెల్డా ఆటలో అడవిలోకి పోగానే ఆట ఈడ్చుకుంటూ నడుస్తోంది. చేతికి బోనస్ వచ్చింది, స్నేహితులు స్విచ్ 2 కొనేయమంటున్నారు, కొనచ్చా అన్నా అని అడిగావు.

నాకు అనంతపురంలో, సప్తగిరి సర్కిల్‌కు దగ్గర్లో చిన్న రిపేరు కొట్టు ఉంది. ఫోన్లతో పాటు, పీఎస్‌పీల కాలం నుంచీ ఇట్లాంటి చేతి కన్సోళ్ళు కూడా బాగుచేస్తున్నాను. కొత్తది కొనచ్చా అని వచ్చే ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఒకటే. నిన్ను విసిగిస్తున్నది వస్తువు పాతబడడమా, లేక అది కొత్తగా ఉన్న రోజునే దానికి చేతకాని పనా? మొదటిదైతే బాగుచేయిస్తే పోతుంది. రెండోది ఎంత బాగుచేయించినా పోదు, దానికి మాత్రమే కొత్తది కొనాలి. నువ్వు చెప్పిన నాలుగు బాధల్లో మూడు మొదటి రకానివి. జెల్డా ఒక్కటే రెండో రకం.

బ్యాటరీ సంగతి ముందు చెప్పాలి. నువ్వు ఎక్కువ బాధపడింది దాని గురించే, జనం ఎక్కువగా పొరబడేదీ అక్కడే. స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. నీ 2018 పీసు ఆ మొదటి రకమే. దానికి కంపెనీ చెప్పిన లెక్క రెండున్నర నుంచి ఆరున్నర గంటలు, జెల్డా ఆడితే సుమారు మూడు గంటలు. 2019 ఆగస్టులో అదే రూపంలో, అదే 4310 ఎంఏహెచ్ బ్యాటరీతో, కరెంటు తక్కువ తాగే చిప్ పెట్టి ఇంకో రకం వదిలారు. దానికి నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు, జెల్డాకు ఐదున్నర గంటలు. పైకి చూస్తే రెండూ కవల పిల్లలు. వెనక అట్ట మీద కింద చిన్న అక్షరాల్లో ఉండే మోడల్ నంబరు చూస్తే తెలుస్తుంది. మొదటిదానికి హెచ్‌ఏసీ 001 అని మాత్రమే ఉంటుంది, రెండోదానికి ఆ తర్వాత బ్రాకెట్లో మరో 01 ఉంటుంది. నా మాట సరేనా కాదా అనేది ఇంటికి పోయి చూసుకో.

ఇప్పుడు స్విచ్ 2 సంగతి. 2025 జూన్ 5న వచ్చింది. బ్యాటరీ 5220 ఎంఏహెచ్, అంటే నీదానికంటే పెద్దదే. కానీ లోపల చిప్, స్క్రీన్ రెండూ ఎక్కువ తాగుతాయి. కంపెనీ చెప్పే లెక్క రెండు నుంచి ఆరున్నర గంటలు. నీది పెట్టె విప్పిన రోజు ఎంత నిలిచేదో ఇంచుమించు అంతే. 2019 రకం వాడేవాళ్ళయితే కొత్తదానికి మారి గంటలు పోగొట్టుకుంటారు. ఈ ముక్క చెబితే కొట్టుకు వచ్చినవాళ్ళు నమ్మరు, కొత్త ఫోన్ కొంటే చార్జింగ్ ఎక్కువ వస్తుంది కదా, ఇదీ అంతే అనుకుంటారు. బస్సులో చార్జింగ్ చాలడం లేదని స్విచ్ 2 కొంటే, ధర్మవరం దాటేలోపు మళ్ళీ పవర్ బ్యాంకే వెతుక్కుంటావు. దాని బదులు పాతదానికి కొత్త బ్యాటరీ వేయించి, పీడీ, అంటే వేగంగా చార్జ్ చేసే పద్ధతి ఉన్న మంచి పవర్ బ్యాంకు ఒకటి పక్కన పెట్టుకుంటే నీ ఐదారు గంటల ప్రయాణం నిశ్చింతగా జరిగిపోతుంది.

మన ఊళ్ళ గురించి ఇక్కడ చెప్పాలి. దీన్ని ఏ విదేశీ వీడియోలోనూ చెప్పరు. నింటెండో ఈ కన్సోళ్ళను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 మామూలే, మిద్దె ఇంట్లో రాత్రి పది దాటినా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఫ్యాన్ కింద కూర్చుని ఆడుతున్నాం కదా అనుకుంటాం, ఆ ఫ్యాన్ తిప్పేదీ వేడిగాలే. దానికి మన దుమ్ము తోడు.

పోయిన వేసవిలో ధర్మవరం నుంచి ఒకాయన పిల్లవాడి స్విచ్ తెచ్చాడు, ఆడుతుంటే ఆగిపోతోందని. వెనక నాలుగు ట్రైపాయింట్ స్క్రూలు, అంచుల్లోని చిన్నవి, మెమరీ కార్డు మూత కింద దాక్కున్న ఇంకొకటి తీసి అట్ట లేపాను. పైన గాలి బయటికి వచ్చే సందులో దుమ్ము పేరుకుని చిన్న బొంత మాదిరి అయిపోయి ఉంది. ట్వీజర్‌తో పట్టి లాగితే ముక్కలు కాకుండా ఒకే పొరగా ఊడివచ్చింది. లోపలి రేకు తీస్తే వేడిని లాగాల్సిన గులాబీ రంగు పేస్టు ఎండి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. బ్యాటరీ మధ్యలో ఉబ్బి, గోరుతో నొక్కితే మెత్తగా తగిలింది. ఇంట్లో ఎట్లా పెడతారని అడిగాను. టీవీ స్టాండు మీద డాక్‌లో, అంటే టీవీకి కలిపే తొట్టిలో పెట్టి, దుమ్ము పడకూడదని పైన అల్లిక గుడ్డ కప్పుతారట. ఆట ఆడుతున్నప్పుడు కూడా. ప్రేమతోనే కప్పారు పాపం. కానీ వేడిగాలి బయటికి పోయే దారి సరిగ్గా అదే.

నీ ఫ్యాన్ హోరు కూడా ఇదే అయ్యుంటుందని నా నమ్మకం. ఎనిమిదేళ్ళ వస్తువు ఒక్కసారి కూడా విప్పలేదన్నావు కదా. శుభ్రం చేసి, కొత్త పేస్టు పెడితే సద్దు సగానికి సగం తగ్గుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. స్క్రీన్ అంచు కొంచెం లేచినట్టు కనబడినా, బల్ల మీద వెల్లకిలా పెడితే సమంగా కూర్చోక ఊగినా, బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణం నుంచి చార్జింగ్ పెట్టొద్దు, నువ్వే విప్పి స్క్రూడ్రైవర్‌తో బ్యాటరీని పెకలించొద్దు. అది లోపల బంకతో అతికించి ఉంటుంది, గుచ్చుకుంటే మంట లేస్తుంది. తెలిసినవాళ్ళ చేతికివ్వు.

స్టిక్ సంగతి తొందరగా ముగిస్తాను. లోపల నల్లటి కార్బన్ పూత మీద చిన్న లోహపు కాళ్ళు రాసుకుంటూ తిరుగుతాయి. పూత అరిగితే అది తప్పుడు కొలత చెబుతుంది, బొమ్మ దానంతటది నడుస్తుంది. ఎవరు ఎంత జాగ్రత్తగా వాడినా అరిగేదే. దానికి మందు, రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్. బయటి కంపెనీలు చేసేవి దొరుకుతాయి, మార్చాక సెట్టింగుల్లో కాలిబ్రేషన్ చేసుకుంటే చాలు. స్విచ్ 2 స్టిక్‌లు పెద్దవి చేశారు, మెత్తగా తిరుగుతాయి, కానీ అవి హాల్ ఎఫెక్ట్ కావని కంపెనీయే చెప్పింది. కాబట్టి స్టిక్ దానంతటది కదిలే ఈ డ్రిఫ్ట్ బాధ తప్పించుకోవడానికి కొత్తది కొంటున్నానంటే ఆ లెక్క కుదరదు.

బ్యాటరీ, స్టిక్, క్లీనింగ్ మూడూ కలిపి నా కొట్లో నాలుగైదు వేలలోపు తేలిపోతుంది. బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో చేయించినా చేయించు, నాకేం బాధ లేదు. బ్యాటరీ మాత్రం నీ కళ్ళ ముందు వేయించుకో, పాతదాన్ని చూపించమని అడుగు.

ఇక జెల్డా. ఇక్కడ నేను స్విచ్ 2 పక్షమే, దాచను.

జెల్డా వరసలోని బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ స్విచ్‌తో పాటే 2017లో వచ్చింది, సెకనుకు 30 ఫ్రేములు, అంటే తెర మీద సెకనుకు ముప్పై బొమ్మలు. కొరోక్ అడవిలోకి పోతే ఆ ముప్పై కూడా నిలవవు. ఆ అడవి మొదటి రోజునే అంత. నువ్వు ఎంత శుభ్రం చేయించినా, లోపలి చిప్ 2015 నాటి ఎన్విడియా టెగ్రా ఎక్స్1, మెమరీ 4 జీబీ. దాని శక్తి అంతే. టీవీకి పెట్టినప్పుడు బొమ్మను పెద్దది చేయాలి కాబట్టి మరికాస్త కష్టపడుతుంది, చేతిలో ఆడితే కొంచెం మేలు. స్విచ్ 2లో మెమరీ 12 జీబీ. నీ దగ్గరున్న అదే గేమ్ కార్డు అందులో పెట్టి, పది డాలర్ల అప్‌గ్రేడ్ ప్యాక్ కొంటే ఆట 60 ఫ్రేముల్లో నడుస్తుంది. దాని తర్వాతి జెల్డా, టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్‌కూ అంతే, దానికి వేరే పది డాలర్లు.

ఆ ప్యాక్ కొనుక్కున్న ఒక కస్టమర్ స్విచ్ 2కి స్క్రీన్ గార్డ్ వేయించుకోవడానికి వచ్చినప్పుడు అతని అనుమతితో నా కార్డు పెట్టి చూశాను. గుర్రం మీద పోతూ కెమెరాను గుండ్రంగా తిప్పాను. పాతదాంట్లో తిప్పితే గడ్డి అంతా ఒక పచ్చటి మరకయిపోతుంది, ఆగాక మళ్ళీ గడ్డి అవుతుంది. ఇందులో తిరుగుతున్నంతసేపూ పోచలు పోచలుగా కనబడింది. విల్లు లాగి గురి పెట్టేటప్పుడు చేతికీ తెరకూ మధ్య ఉండే ఆ చిన్న ఆలస్యం పోయింది. ఎనిమిదేళ్ళుగా ఆడుతున్న ఆట, కొత్తగా అనిపించింది. నువ్వు నిజంగా జెల్డా మనిషివైతే, ఆ రెండు ఆటలూ మళ్ళీ మొదటి నుంచి ఆడాలని మనసు లాగుతుంటే, ఆ ఒక్క కారణం చాలు. దాన్ని దుబారా అనను.

కానీ మీ చెల్లెలి మారియో కార్ట్ 8 డీలక్స్ సంగతి వేరు. అది పాత స్విచ్‌లోనే, ఒకరిద్దరు ఆడితే, 60 ఫ్రేముల్లో నడుస్తుంది. కొత్తదాంట్లో పెట్టినా అదే ఆట. సూపర్ మారియో ఒడిస్సీ, పోకెమాన్ స్కార్లెట్, వయలెట్ లాంటి కొన్నింటికి ఉచితంగానే అప్‌డేట్ ఇచ్చారు, పోకెమాన్‌లో తేడా కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. అప్‌డేట్ లేని పాత ఆటలు చాలావరకు నడుస్తాయి, ఆట తెర మీద తడబడడం కొంత తగ్గుతుంది, అంతే. పైగా స్విచ్ 2 వచ్చిన కొత్తలో పాత ఆటలు చేతిలో ఆడేటప్పుడు 720 గీతల బొమ్మను 1080 గీతల తెర మీద సాగదీసేవాళ్ళు కాబట్టి కొంచెం మెత్తబడినట్టు ఉండేది. నీ దగ్గర పద్నాలుగు కార్డులు ఉన్నాయన్నావు. కూర్చుని ఒక్కొక్కటీ తీసి, దీనికి కొత్తదాంట్లో ఏం మేలు అని రాసుకో. నాలుగైదింటికి మించి టిక్కు పడకపోతే నువ్వు కొనేది పాత ఆటల కోసం కాదు, కొత్త ఆటల కోసం.

కొత్త ఆటల ధర కూడా చూసుకో మరి. మారియో కార్ట్ వరల్డ్ 80 డాలర్లు, మన డబ్బుల్లో ఏడు వేల చిల్లర. డాంకీ కాంగ్ బనాంజా 70 డాలర్లు. ఈ రెండూ స్విచ్ 2లో తప్ప ఆడవు, రెండూ మంచివే. అయితే పాతదాన్ని అప్పుడే వదిలేశారని కాదు. మెట్రాయిడ్ ప్రైమ్ 4, పోకెమాన్ లెజెండ్స్ జెడ్‌ఏ రెండూ 2025 చివర్లో రెండింటికీ వచ్చాయి. ఇంకోటి, కొన్ని స్విచ్ 2 ఆటల డబ్బాల మీద గేమ్ కీ కార్డు అని రాసి ఉంటుంది. ఆ కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట మొత్తం నెట్ నుంచి దించుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద యాభై, అరవై జీబీలు దించడం ఎట్లుంటుందో నీకు తెలుసు. కొనేముందు డబ్బా కింద అంచు చదువు.

తెర గురించి రెండు మాటలు. 7.9 అంగుళాలు, 120 హెర్ట్జ్, నీ 6.2 అంగుళాల తెర పక్కన పెడితే పళ్ళెం మాదిరి ఉంటుంది. కానీ ఎల్‌సీడీయే. 2021లో వచ్చిన స్విచ్ ఓలెడ్ తెర మీద నలుపు చూసినవాళ్ళకు ఇది కాస్త వెలిసినట్టు అనిపిస్తుంది. ఓలెడ్ మోడల్‌కు మారమని కూడా ఎవరో అన్నారట కదా, నీ బాధకు అది మందు కాదు. తెర బాగుంటుంది, లోపలి శక్తి నీదాంట్లో ఉన్నంతే, అడవిలో అదే ఈడ్పు. నేను ఇట్లాంటి పొరపాటే చేశాను. 2009లో నా పీఎస్‌పీ 1000 అమ్మేసి, తెర బాగుందని పీఎస్‌పీ 3000 కొన్నాను. రంగులు బాగున్నాయి, సన్నగా ఉంది. ఆటలు మాత్రం ఒక్క మెట్టు కూడా ఎక్కువ వేగంగా నడవలేదు. మూడు నెలల జీతం మిగుల్చుకున్న డబ్బు అది. ఇంకా గుర్తుంది.

బరువు కూడా. స్విచ్ 2 రెండు పక్కలా తగిలించే కంట్రోలర్లు, అంటే జాయ్‌కాన్‌లతో 534 గ్రాములు, నీది 398. రాత్రి బస్సులో పడుకుని ముఖం మీద పట్టుకునే అలవాటుంటే ఆ తేడా మణికట్టుకు తెలుస్తుంది.

ఇవన్నీ విని కూడా కొనాలనే అనుకుంటే, ఎట్లా కొనాలో జాగ్రత్తగా విను. నా దగ్గరికి ఏడుపు ముఖాలతో వచ్చేవాళ్ళు ఎక్కువ ఇక్కడే దెబ్బతింటున్నారు. నింటెండో మన దేశంలో నేరుగా అమ్మదు. దుకాణాల్లో దొరికేవన్నీ బయటి నుంచి తెచ్చినవే, కంపెనీ వారంటీ ఇక్కడ చెల్లదు. అమెరికాలో విడుదల ధర 449.99 డాలర్లు, అప్పటి మారకం లెక్కన 38 వేల పైచిలుకు. దాని మీద పన్ను, తెచ్చినవాడి లాభం పడతాయి. అందుకే ఎవరైనా మరీ చవగ్గా ఇస్తానంటే ముందు అడగాల్సింది, అది జపాన్ పీసా అని. జపాన్‌లో రెండు రకాలు అమ్ముతారు. 2025లో విడుదలైనప్పుడు 49,980 యెన్లకు వచ్చినది జపనీస్ భాషలో మాత్రమే ఉంటుంది, జపాన్ అకౌంట్‌తో మాత్రమే పనిచేస్తుంది. సెట్టింగుల్లో భాష మార్చుకోవచ్చులే అని చెప్పి అంటగడుతున్నారు. మార్చుకోలేవు. అన్ని భాషలదానికి అప్పుడు 69,980 యెన్లు. డబ్బు ఇచ్చేముందు ఆన్ చేయించి, సిస్టమ్ భాష ఇంగ్లీషుకు మారుతుందో లేదో నీ చేత్తో చూసుకో.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో ప్రమాదం. కాపీ ఆటలు ఆడించే కార్డులు పెట్టిన స్విచ్ 2లను కంపెనీ ఆన్‌లైన్ నుంచి వెలివేస్తోంది. ఆ వేటు మనిషి అకౌంట్ మీద కాదు, ఆ పీసు మీదే పడుతుంది. గుంతకల్లు పిల్లవాడు ఒకడు ఇట్లాంటిదే కొనుక్కొచ్చాడు. ఆన్ అవుతుంది, పెట్టిన కార్డు ఆడుతుంది, వస్తువు ధగధగలాడుతోంది. కంపెనీ ఆన్‌లైన్ ఆటల దుకాణం, ఈ షాప్, తెరవబోతే ఎర్రర్. నేను చేయగలిగింది ఏమీ లేదు, అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. కాబట్టి వైఫైకి కలిపి, ఈ షాప్ తెరుచుకున్నాకే డబ్బు ఇవ్వు.

నీ 128 జీబీ మెమరీ కార్డు కొత్తదాంట్లో ఆటలకు పనికిరాదు. స్విచ్ 2కి మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే రకమే కావాలి, అది ఖరీదు. లోపల 256 జీబీ ఉంది కాబట్టి మొదట్లో అవసరపడదు. నీ పాత డాక్ కూడా దానికి సరిపోదు. పాత జాయ్‌కాన్‌లు వైర్‌లెస్‌గా కలుస్తాయి, పక్కన తగిలించలేవు.

కొంచెం ఆగితే ధర తగ్గదా అని నువ్వు అడగలేదు కానీ అడుగుతావని తెలుసు. ఒకప్పుడు నేనూ ఆగమనేవాడిని. 2011లో నింటెండోదే 3డీఎస్ అనే చేతి కన్సోల్ 250 డాలర్లకు వచ్చి, ఆర్నెల్లు తిరక్కుండానే 170కి దిగింది. ఆ రోజులు పోయాయి. 2025 ఆగస్టులో అమెరికాలో ఎనిమిదేళ్ళ పాత స్విచ్ ధరనే 300 నుంచి 340 డాలర్లకు పెంచారు. అందుకని ధర తగ్గుతుందని ఆగొద్దు, అవసరం వచ్చేదాకా ఆగు. రెండూ వేరు.

ఇక నీ విషయంలో నేనైతే ఏం చేస్తానంటే, ముందు పాతది బాగుచేయిస్తాను. మీ చెల్లెలికి అది ఎట్లాగూ కావాలి, నువ్వు కొత్తది కొన్నా పాతది ఇంట్లో ఉండాల్సిందే, కాబట్టి ఆ నాలుగైదు వేలు ఎటు తిరిగినా వృథా కావు. తర్వాత రెండు నెలలు ఆడు. ఆడుతున్నప్పుడు విసుగొచ్చిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక ముక్క రాసుకో, ఎందుకు విసుగొచ్చిందో. అన్నీ జెల్డా ఈడ్పుల గురించే ఉంటే, లేదా పాతదాంట్లో రాని ఆటలు రెండు మూడు నిన్ను నిద్రపోనివ్వకపోతే, బోనస్‌లోంచే కొనుక్కో, ఈఎంఐ మాత్రం వద్దు. కొన్నాక సెట్టింగుల్లో చార్జింగ్ 90 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటుంది, మన ఎండలకు అది పెట్టుకో. కారు డ్యాష్‌బోర్డు మీద ఒక్క పూట కూడా వదలొద్దు.

మారేటప్పుడు పాతదాన్ని రీసెట్ చేసేముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి ట్రాన్స్‌ఫర్ పూర్తి చేయి. పోకెమాన్ లాంటి ఆటల సేవ్‌లు క్లౌడ్‌లో ఉండవు, పాతది చెరిపేస్తే నీ వందల గంటలు దానితోనే పోతాయి. నాకు ఫోన్ చేసి తిరిగి తెప్పించగలవా అన్నా అని అడిగినవాళ్ళు ముగ్గురున్నారు, ముగ్గురికీ లేదనే చెప్పాల్సి వచ్చింది.

తాడిపత్రి నుంచి వచ్చేట్టయితే శనివారం పొద్దున్నే రా, సాయంత్రానికి ఇచ్చేస్తాను. చార్జర్, ఎడమ జాయ్‌కాన్ మర్చిపోవద్దు. ఆదివారం కొట్టు ఉండదు.